పిల్లర్‌కి కట్టు కడితే తుప్పు తగ్గుతుందా?

మూడు నెలల క్రితం, శనివారం పొద్దున్నే నాన్న ఫోను. "ఒరేయ్, మన అపార్ట్‌మెంట్ పిల్లర్లకి కట్టు కడతారటరా. విమానాలకి వాడే గుడ్డట. నువ్వు ఇంజనీరువి కదా, కాస్త చూసి చెప్పు."

నేను ఇంజనీరునే. కాకపోతే జావా ఇంజనీరుని. సిమెంటుతో నాకున్న సంబంధమల్లా నెలనెలా కట్టే ఈఎంఐ ఒక్కటే. కానీ అమ్మానాన్నలు నిద్రపోయేది ఆ పిల్లర్ల మీద కదా, "నాకు తెలీదు నాన్నా" అని పెట్టేయలేకపోయాను. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని చదివాను. చదివే కొద్దీ ఇది సివిల్ ఇంజనీరింగ్ కథలా కాక మన కథలాగే అనిపించింది. అందుకే ఈ టపా.

ముందు పరిస్థితి చెప్తాను. వైజాగ్‌లో, బీచికి కిలోమీటరు లోపు, 1994లో కట్టిన ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్‌లో ఏడు పిల్లర్లకి నిలువునా పగుళ్ళొచ్చాయి. రెండింటికి పెచ్చులూడిపోయి లోపలి ఊచలు ఎర్రగా కనబడుతున్నాయి. ఇప్పటికి రెండుసార్లు సిమెంటు పూసి రంగేశారు. రెండుసార్లూ రెండు మూడేళ్ళకే మళ్ళీ ఊడింది. ఈసారి ఒక కాంట్రాక్టరు వచ్చి, పిల్లర్ చుట్టూ కార్బన్ ఫైబర్ గుడ్డ రెండు పొరలు ఎపాక్సీ జిగురుతో అంటించి పైన రంగేస్తాననీ, నాలుగు రోజుల్లో పని అయిపోతుందనీ కొటేషన్ ఇచ్చాడు. చిప్పింగ్ లేదు, దుమ్ము లేదు, కార్లు తీయక్కర్లేదు. అసోసియేషన్‌లో అందరికీ తెగ నచ్చేసింది.

అసలు ప్రశ్న ఏమిటంటే, ఈ కట్టు దేనికి పుట్టింది? మనం దేనికి వాడుతున్నాం?

మొదట తుప్పు సంగతి చూద్దాం. గాలీ నీరూ తగిలితే ఇనుము తుప్పు పడుతుందని చిన్నపిల్లలకీ తెలుసు. మరి తడి సిమెంటులో పాతిపెట్టి, పైగా రోజూ నీళ్ళు కొట్టే ఇనుముకి తుప్పెందుకు పట్టదు? సిమెంటు గట్టి క్షారం కాబట్టి. కొత్త కాంక్రీటు లోపల పీహెచ్ 12.5 పైమాటే. అంత క్షారంలో ఇనుము తన ఒంటి మీద తనే కంటికి కనపడనంత సన్నటి ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. ఆ పొర ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలి 1867లో ఇనుప తీగలు పెట్టిన సిమెంటు కుండీలకి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా మనం కడుతున్న ప్రతి మేడా ఆ కనపడని పొరని నమ్ముకునే నిలబడింది.

దానికి శత్రువులు ఇద్దరు. ఒకటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్. ఏళ్ళ తరబడి మెల్లగా లోపలికి దిగి, క్షారాన్ని విరిచి, పీహెచ్‌ని 9 కిందకి తెస్తుంది. రెండోది ఉప్పులోని క్లోరైడ్. ఇది పీహెచ్ బాగానే ఉన్నా లెక్కచెయ్యదు, పొరని అక్కడక్కడా పొడిచి చిల్లులు పెడుతుంది. ఆ తర్వాత పుట్టే తుప్పు అసలు ఇనుముకి రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. చోటెక్కడుంది? కాంక్రీటుని తోసుకుంటుంది. ముందు ఊచ వెంబడే పగులు, తర్వాత పెచ్చు. మా పిల్లర్ల పగుళ్ళు నిలువుగా ఉన్నాయంటే లోపల ఊచలు నిలువుగా ఉన్నాయి కాబట్టే. బయట కనిపిస్తున్నది రోగం కాదు, లోపలి రోగానికి లక్షణం.

ఇక కట్టు సంగతి. దీని మూలం కార్బన్ కంటే, విమానాల కంటే చాలా పాతది. మన గోనె సంచీలోనే ఉంది. వట్టి ఇసకని రాశిగా పోస్తే నిలబడదు, జారిపోతుంది. అదే ఇసకని సంచుల్లో నింపి మూతి కుడితే పది వరసలు పేర్చి పైన నిలబడొచ్చు. ఇసక మారలేదు, పక్కకి జారకుండా సంచీ పట్టుకుంది, అంతే. కాంక్రీటు పిల్లరూ అంతే. పైనుంచి నొక్కితే పక్కలకి ఉబ్బుతుంది, ఉబ్బి చీలుతుంది. ఉబ్బకుండా చుట్టూ పట్టుకుంటే ఇంకా ఎక్కువ మోస్తుంది. ఈ సంగతిని 1902 ప్రాంతంలో ఫ్రెంచి ఇంజనీరు ఆర్మాన్ కాన్సిదేర్ ప్రయోగాలు చేసి చూపించాడు. పిల్లర్ లోపల స్ప్రింగులాగా ఇనుప చుట్ట పెట్టాడు. 1928లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రిచర్ట్, బ్రాండ్‌జేగ్, బ్రౌన్ దీనికి లెక్క కట్టారు. పక్కల నుంచి ఒక వంతు ఒత్తిడి ఇస్తే పైనుంచి మోసే బలం నాలుగు వంతులు పెరుగుతుంది (వాళ్ళ అంకె 4.1). ఇప్పటి కార్బన్ కట్టు లెక్కలన్నీ ఆ సూత్రానికి పిల్లలూ మనవలే.

సూత్రం 1928 నుంచీ పుస్తకాల్లో ఉంది. అయినా దాని విలువ తెలిసింది భూకంపాల వల్లే. 1971 ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలో శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చింది. కొత్తగా కట్టిన ఫ్లైఓవర్లు కూలాయి. పిల్లర్లలో నిలువు ఊచలు లావుగానే ఉన్నాయి, కానీ చుట్టూ కట్టే రింగులు మాత్రం అడుగుకొకటి, అవీ అర అంగుళంవి. పిల్లర్ ఎంత లావైనా సరే ఇదే కొలత! అప్పట్లో అది మామూలే. కొత్త వంతెనలకి రూల్సు మార్చారు. మరి అప్పటికే నిలబడి ఉన్న పాతవాటి సంగతి? వాటి లోపల రింగులు పెట్టడం ఎలా కుదురుతుంది? లోపల కుదరకపోతే బయట పెట్టాలి.

ఆ పని నెమ్మదిగా సాగింది. 1989 అక్టోబరు 17న లోమా ప్రియేటా భూకంపంలో ఓక్‌లాండ్‌లోని సైప్రెస్ వయాడక్ట్ రెండంతస్తుల రోడ్డు కూలి 42 మంది చనిపోయాక అందరూ ఉలిక్కిపడ్డారు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నైజెల్ ప్రీస్ట్‌లీ, ఫ్రీడర్ సైబుల్ బృందం పిల్లర్ల చుట్టూ ఉక్కు రేకు తొడిగే పద్ధతిని పరీక్షించి పెట్టింది. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చినప్పుడు ఆ తొడుగులున్న పిల్లర్లు బాగా నిలబడ్డాయి.

ఉక్కు తొడుగుకి క్రేను కావాలి, వెల్డింగు కావాలి, పైగా దానికీ తుప్పు భయమే. అక్కడ అడుగుపెట్టింది జపాను. ఒసాకాలోని ప్రభుత్వ పరిశోధనా సంస్థలో అకియో షిండో అనే శాస్త్రవేత్త, బట్టలకి వాడే యాక్రిలిక్ లాంటి దారాన్ని జాగ్రత్తగా కాల్చి కార్బన్ దారం తీశాడు. ఇది 1960 ప్రాంతం. 1971లో టోరే కంపెనీ దాన్ని వ్యాపారంగా మొదలుపెట్టింది. మన ఇళ్ళల్లో వాడే ఊచ బలం 415 లేదా 500 మెగాపాస్కల్స్ అయితే, టోరే టీ300 దారం సుమారు 3500. బరువేమో ఉక్కులో నాలుగో వంతు కంటే తక్కువ. 1980ల్లోనే జపాన్ ఇంజనీర్లు దీన్ని పాత చిమ్నీలకీ, పిల్లర్లకీ చుట్టి పరీక్షించారు. దాదాపు అదే రోజుల్లో, 1981లో, అమెరికాలో ఎంఐటీ నుంచి ఫార్డిస్, ఖలీలీ అనే ఇద్దరు ఫైబర్‌గ్లాస్ తొడుగులో కాంక్రీటు ఎలా ప్రవర్తిస్తుందో పేపరు రాశారు.

ఐరోపాలో ఒక తమాషా జరిగింది. స్విట్జర్లాండ్‌లో లూసర్న్ దగ్గర ఇబాక్ వంతెనకి ట్రాఫిక్ లైట్లు బిగిస్తూ డ్రిల్లింగు చేసినప్పుడు లోపలి ఉక్కు తీగల కట్ట ఒకటి తెగిపోయింది. 1991లో ఎంపా సంస్థకి చెందిన ఉర్స్ మయర్ బృందం దాని అడుగున కార్బన్ పట్టీలు అంటించి బాగుచేసింది. ఉక్కు పలకలైతే 175 కిలోలు పట్టేవి. కార్బన్ 6.2 కిలోలతో సరిపోయింది! ప్రొడక్షన్‌లో ఎవడో తప్పు ఫైలు డిలీట్ చేస్తే, దాని పుణ్యమా అని కొత్త టెక్నాలజీకి మొదటి పెద్ద రిలీజు దొరికినట్టయింది.

1995 జనవరి 17న కోబే భూకంపంలో హాన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే 600 మీటర్లకి పైగా పక్కకి ఒరిగి పడిపోయింది. ఆ తర్వాత జపాన్‌లో రైలు, రోడ్డు వంతెనల పిల్లర్లకి కార్బన్ గుడ్డ చుట్టడం జోరందుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇప్పటిదాకా చెప్పిన కథలో ఎక్కడా తుప్పు లేదు. కాలిఫోర్నియాలో, కోబేలో ఆ పిల్లర్లకున్న లోపం డిజైన్‌ది. రింగులు చాలలేదు, బయట కట్టి సరిచేశారు. లోపలి కాంక్రీటు ఆరోగ్యంగానే ఉంది. ఉన్న జబ్బుకీ ఇచ్చిన మందుకీ సరిగ్గా సరిపోయింది.

తుప్పు కథ మొదలైంది మంచు దేశాల్లో. అక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు వంతెన అతుకుల్లోంచి కింద పిల్లర్ల మీదకి కారుతుంది. వాళ్ళు చల్లుకున్న ఉప్పు మనకి సముద్రం ఉచితంగా ఇస్తోందన్నమాట. కెనడాలో టొరంటో హైవే 401 దగ్గర లెస్లీ స్ట్రీట్ వంతెన పిల్లర్లు ఇలాగే పాడయ్యాయి. 1990ల మధ్యలో టొరంటో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ షమీమ్ షేక్ బృందం వాటిని గ్లాస్ ఫైబర్‌తో బాగుచేసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కొలతలు తీసుకుంటూ పోయింది. వాళ్ళు చేసిన పనిలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. ఊడిపోయిన చోట మామూలు సిమెంటు కాకుండా, గట్టిపడుతూ ఉబ్బే రకం సిమెంటు పోశారు. మన కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టాని ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోస్తే అది ముడుచుకుని చక్రాన్ని బిగిస్తుంది కదా. ఇక్కడ తిరకాసుగా లోపలిది ఉబ్బి కట్టుని బిగదీస్తుంది. ఫలితాలు బాగానే వచ్చాయి. పిల్లర్లు నిలబడ్డాయి, తుప్పు పట్టే వేగం కూడా తగ్గింది.

'తగ్గింది' అన్నాను, 'ఆగింది' అనలేదు. కొటేషన్‌కీ వాస్తవానికీ మధ్య తేడా ఈ ఒక్క మాటలోనే ఉంది.

కట్టు వల్ల కొత్తగా నీరూ, ఉప్పూ, గాలీ లోపలికి రావడం తగ్గుతుంది, నిజమే. కానీ లోపల అప్పటికే చేరిన ఉప్పు ఎక్కడికీ పోదు. పైన శ్లాబు నుంచీ, కింద పునాది నుంచీ తడి రావడం ఆగదు. కట్టు పిల్లర్ చుట్టూనే ఉంటుంది కానీ తలా కాళ్ళూ తెరిచే ఉంటాయి కదా. పైగా ఇంకో చిక్కు. ఇదివరకు పగులు కనబడేది, పెచ్చు ఊడేది, వాచ్‌మన్ చూసి చెప్పేవాడు. ఇప్పుడు నున్నటి రంగు కింద ఏం జరుగుతోందో ఎవరికీ తెలీదు. మన భాషలో చెప్పాలంటే ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేసి ఖాళీ బ్లాకులో పారేసినట్టు. ప్రోగ్రామ్ క్రాష్ అవ్వదు, లాగ్‌లో ఏమీ రాదు, మేనేజరు సంతోషిస్తాడు.

ఇక లెక్కలకి వద్దాం. 450 మిల్లీమీటర్ల గుండ్రటి పిల్లర్‌కి 0.167 మి.మీ. మందం కార్బన్ రెండు పొరలు చుట్టి, దారం సాగుదల 0.4 శాతం దగ్గర ఆపితే, సుమారు 1.4 మెగాపాస్కల్స్ పక్క ఒత్తిడి వస్తుంది. నాలుగు రెట్ల సూత్రం వేస్తే 20 మెగాపాస్కల్స్ కాంక్రీటుకి మరో ఐదున్నర కలిసినట్టు. మిల్లీమీటరులో మూడో వంతు దారానికి ఇది గొప్పే! కానీ ఇది గుండ్రటి పిల్లర్ లెక్క. పలకల పిల్లర్‌లో కట్టు మూలల దగ్గరే బిగుస్తుంది, నడుమ వదులుగా ఉంటుంది. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 2008లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం పొడవు వెడల్పుకి రెండింతలు దాటితే ఈ లాభాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మూలల్ని కూడా కనీసం 13 మి.మీ. గుండ్రంగా అరగదీయాలి. మన అపార్ట్‌మెంట్లలో గోడలో కలిసిపోవాలని పెట్టే పిల్లర్ కొలత తెలుసు కదా, 9 అంగుళాలు ఇంటూ 18. సరిగ్గా రెండింతలు! అంటే గీత మీద నిలబడ్డాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. చుట్టూ తిప్పిన దారం తుప్పు తిన్న రింగుల పని చేయగలదు. నిలువు ఊచ సగం అరిగిపోతే దాని పని చెయ్యలేదు. కార్బన్ నేరుగా ఇనుముకి తగిలితే ఇంకా ప్రమాదం, బ్యాటరీలోలాగా ఇనుము మరింత వేగంగా తినేయబడుతుంది. అందుకే మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర వేస్తారు. ఎపాక్సీ జిగురు 60 నుంచి 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పార్కింగ్‌లో ఒక స్కూటర్ అంటుకుంటే చాలు. కాబట్టి కట్టు ఊడిపోయినా పిల్లర్ కూలకుండా నిలబడగలగాలని అదే మార్గదర్శకం అంటుంది. అలా నిలబడలేని పిల్లర్‌కి కట్టు మందు కాదు.

మరి తుప్పుని నిజంగా ఆపే మందు లేదా? ఉంది, అదే ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించిన సంగతి. 1824లోనే ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఓడల రాగి రేకుల్ని కాపాడటానికి పక్కన వేరే లోహం బిగించి చూశాడు. ఒక లోహం తను కరిగిపోతూ ఇంకో లోహాన్ని కాపాడుతుంది. దీన్నే కాథోడిక్ ప్రొటెక్షన్ అంటారు. 1973లో కాలిఫోర్నియాలో రిచర్డ్ స్ట్రాట్‌ఫుల్ అనే ఇంజనీరు స్లై పార్క్ రోడ్డు వంతెనకి చిన్న కరెంటుతో ఇదే సూత్రం వాడాడు. 1982లో అమెరికా కేంద్ర హైవే శాఖ, ఉప్పు పట్టిన వంతెన శ్లాబుల్లో ఉప్పు ఎంతున్నా తుప్పుని ఆపుతుందని రుజువైన మరమ్మతు ఇదొక్కటే అని ప్రకటించింది. అంటే మందు కట్టు కంటే ముందే వచ్చింది! అయినా కట్టుకున్నంత ఆదరణ దీనికి లేదు. ఎందుకంటే దీనికి కరెంటు కావాలి, మీటరు చూసే మనిషి కావాలి, ఏటా కాస్త డబ్బు కావాలి. కట్టు అలా కాదు, ఒకసారి కట్టి ఫోటో తీసుకోవచ్చు. మెయింటెనెన్స్‌కి ఎవడూ రిబ్బను కట్ చెయ్యడు కదా.

కట్టు చెడ్డదని నేనట్లేదు. వరస ముఖ్యమంటున్నాను. ముందు తడి ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోవాలి. జాకీలు పెట్టి బరువు దించాలి. ఉప్పు పట్టిన కాంక్రీటుని ఊచ వెనకదాకా చెక్కేయాలి. ఊచల్ని మెరిసేదాకా శుభ్రం చేసి, అరిగినచోట కొత్తవి చేర్చాలి. అతికిన ముక్క పక్కనే పాత కాంక్రీటులో తుప్పు కొత్తగా మొదలవడం మామూలు (ఒక బగ్ ఫిక్స్ చేస్తే పక్క మాడ్యూల్‌లో తేలడం మనకి కొత్తా?), అందుకని అంచుల్లో జింకు ముక్కలు పెడతారు. తర్వాత కొత్త కాంక్రీటు. అవసరమైతే అప్పుడు కట్టు. మా కొటేషన్‌లో ఉన్నది ఆ ఆఖరి మెట్టు ఒక్కటే.

ఇదంతా ఒక పేజీలో రాసి నాన్నకి పంపాను. నాన్న మీటింగులో చదివారు. "మీ అబ్బాయి కంప్యూటర్ల వాడు కదండీ" అన్నారట ఒకాయన. న్యాయమైన మాటే. అందుకే రిటైరైన ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుగారిని పిలిచి చూపిద్దామన్నారు నాన్న. ఆయన వచ్చి ఏమీ మాట్లాడకుండా చిన్న సుత్తితో పిల్లర్లన్నీ తట్టుకుంటూ వెళ్ళారట. డొల్ల చప్పుడు వచ్చిన చోట సుద్దతో గీత. ఒక పిల్లర్ దగ్గర జాకీలు పెట్టించి చెక్కిస్తే రింగులు రెండు చోట్ల తెగిపోయి ఉన్నాయి. కవర్ 20 మి.మీ. కూడా లేదు. 2000లో మార్చిన ఐఎస్ 456 తీర ప్రాంత వాతావరణానికి 45 మి.మీ. అడిగింది. మా బిల్డింగు అంతకు ముందుది. ఇక తడి ఎక్కడిదంటే, పిల్లర్‌కి ఆనించి వేసిన బాత్రూమ్ డ్రైనేజీ పైపు. ఎన్నేళ్ళుగా కారుతోందో దేవుడికే తెలియాలి.

సరైన పనికి ఖర్చు మొదటి కొటేషన్‌కి రెండున్నర రెట్లు. నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలు. గొడవ జరిగింది. "ముప్ఫై ఏళ్ళు నిలబడింది, ఇంకో పదేళ్ళు నిలబడదా" అన్నవాళ్ళున్నారు. అమెరికాలో ఫ్లోరిడా తీరాన సర్ఫ్‌సైడ్‌లో ఛాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే అపార్ట్‌మెంట్ కథ నాన్న చేత చెప్పించాను. 2018లోనే ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. ఖర్చు ఎవరు భరించాలన్న వాదనల్లో కాలం గడిచింది. 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. దానికి కారణం తుప్పొక్కటే కాదు, డిజైన్ లోపాలు కూడా ఉన్నాయి. కానీ వాయిదా మాత్రం మన వాయిదాలాంటిదే.

ఓటింగు పెడితే పదకొండు, తొమ్మిది. పని మొదలైంది. పైపు ముందు మార్చారు. ఏడింటిలో రెండు పిల్లర్లకి చివర్లో కట్టు కూడా కడతారట, మిగతావాటికి అవసరం లేదన్నారు ఇంజనీరుగారు.

నిన్న నాన్న మళ్ళీ ఫోన్ చేశారు. వెనక డ్రిల్లింగు మోత, నాన్న గొంతు సరిగ్గా వినబడలేదు. "పార్కింగంతా దుమ్మురా, అమ్మ తిడుతోంది, కారు రోడ్డు మీద పెట్టుకున్నాం" అన్నారు. పోనీలెండి నాన్నా, దుమ్ము రేగుతోందంటే పని జరుగుతోందన్నట్టే అన్నాను.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీరూ ఒకసారి మీ అమ్మానాన్నల పార్కింగ్‌లోకి దిగి చూడండి. పిల్లర్ మీద నిలువు పగులుందా, దాని పక్కన పైపుందా, ఈ మధ్యే కొత్తగా రంగేశారా. మూడోదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.